ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్స్ చార్జీలు, బ్యాంకు టైమింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖమ్మంలో చిన్న షాపులకి అకౌంట్లు రాస్తుంటా. ప్రతి నెలా మూడో తారీఖు నుంచి పదో తారీఖు దాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే, "అన్నా 295 కట్ అయింది ఏంటిది", "డబ్బులు వేశా కదా మళ్ళీ బౌన్స్ ఎందుకైంది". ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అన్నీ ఒక చోట రాసి పెట్టా. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది. ఇక్కడ రాసింది ఇండియాలో ఉన్న బ్యాంకు అకౌంట్ల గురించి.

## మాండేట్ పెట్టేటప్పుడు

నాచ్, ఈసీఎస్, ఆటోపే, ఎస్ఐ ఇవన్నీ ఒకటేనా?

పని ఒకటే, మీ అకౌంట్లోంచి లోన్, ఇన్సూరెన్స్ లాంటి వాళ్ళు నెల నెలా వాళ్ళంతట వాళ్ళు డబ్బులు తీసుకోవడం. దానికి మీరు ముందే ఇచ్చే అనుమతే మాండేట్. కానీ దారులు వేరు. ఈసీఎస్ పాతది, దాని బదులు ఇప్పుడు నాచ్ నడుస్తోంది, దీన్ని నడిపేది ఎన్‌పీసీఐ, యూపీఐ నడిపేది కూడా వాళ్ళే. చాలామంది నోట ఇంకా ఈసీఎస్ అనే వస్తుంది, బ్యాంకులో కూడా అలాగే అంటారు, కంగారు పడకండి. లోన్, అకౌంటు రెండూ ఒకే బ్యాంకులో ఉంటే అది స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అదే ఎస్ఐ. ఫోన్లో యూపీఐ పిన్ కొట్టి ఒప్పుకుంటే అది యూపీఐ ఆటోపే, 2020లో వచ్చింది. లోన్ ఈఎంఐలు ఎక్కువగా నాచ్ మీదే ఉంటాయి, బౌన్స్ చార్జీల గొడవ కూడా ఎక్కువగా దాని దగ్గరే.

నా ఈఎంఐ 4,150, మరి మాండేట్‌లో 10,000 అని ఎందుకు రాయించుకున్నారు? మోసమా?

మోసం కాదు. అది గరిష్ట పరిమితి. వడ్డీ రేటు పెరిగి ఈఎంఐ పెరిగినా, ఒక నెల బాకీ పడి తర్వాతి నెల రెండూ కలిపి తీసుకోవాల్సి వచ్చినా కొత్త సంతకం అడగకుండా పని జరగడానికి అలా ఎక్కువ పెట్టుకుంటారు. కాకపోతే ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. మొత్తం, మొదలయ్యే తారీఖు, ముగిసే తారీఖు, ఈ మూడూ నింపాకే పెట్టండి, పెట్టాక ఫోటో తీసి ఉంచుకోండి. బైక్ షోరూంలో తొందర పెడతారు, పెట్టనివ్వండి, రెండు నిమిషాలు లేటైతే బండి ఎక్కడికీ పోదు.

మాండేట్ రిజిస్టర్ అవ్వడానికి ఎన్ని రోజులు పడుతుంది?

నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు, ఆధార్ ఓటీపీ ద్వారా చేసే ఈ-మాండేట్ అయితే సాధారణంగా ఒకటి రెండు రోజులు. కాగితం ఫారం అయితే వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా పైన. ఎందుకంటే ఫారం స్కాన్ అయ్యి మీ బ్యాంకుకి వెళ్ళాలి, అక్కడ సంతకం సరిచూడాలి. పదేళ్ళ క్రితం అకౌంట్ తెరిచినప్పుడు పెట్టిన సంతకం, ఇప్పుడు పెట్టే సంతకం కలవక తిప్పి పంపినవి నేను బోలెడు చూశా. రిజిస్టర్ అయితే 20 అక్షరాల యూఎంఆర్‌ఎన్ నంబర్ వస్తుంది, అది రాసి పెట్టుకోండి, రేపు బ్యాంకులో ఏ గొడవ వచ్చినా ముందు అడిగేది అదే. మాండేట్ ఇంకా పడకముందే మొదటి ఈఎంఐ తారీఖు వచ్చేస్తే ఆ నెల చేతితో కట్టాలి, "వాళ్ళే తీసుకుంటారులే" అని కూర్చోవద్దు.

మాండేట్ పెట్టిన రోజే 59 రూపాయలు కట్ అయ్యాయి, ఇదేంటి?

కొన్ని బ్యాంకులు మాండేట్ నమోదు చేసినందుకు ఒక్కసారి చార్జీ తీసుకుంటాయి. 50 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 9 రూపాయలు, మొత్తం 59. బౌన్స్‌కి దీనికి సంబంధం లేదు. నెల నెలా వస్తే మాత్రం వెళ్ళి అడగండి.

ఈఎంఐ తారీఖు ఏది పెట్టుకుంటే మంచిది?

జీతం పడే రోజుకి కనీసం మూడు నాలుగు రోజుల తర్వాత. ఒకటో తారీఖు జీతం ఏడు దాకా రాని నెలలు మన ఉద్యోగస్తులకి కొత్తేం కాదు. కాబట్టి "జీతం ఒకటిన, ఈఎంఐ రెండున" అని పెట్టుకోవడం కోరి తెచ్చుకోవడమే. లోన్ తీసుకునేటప్పుడు అడిగితే 5, 7, 10 లాంటి తారీఖుల్లోంచి ఒకటి ఎంచుకోనిస్తారు. తర్వాత మార్చమంటే కొందరు మారుస్తారు, కొందరు కుదరదంటారు. మారిస్తే ఆ మధ్య రోజులకి వడ్డీ కొంచెం అదనంగా పడుతుంది.

## కట్ అయ్యే ముందు రోజు, కట్ అయ్యే రోజు

5వ తారీఖు ఈఎంఐ. 5న పొద్దున డబ్బులు వేస్తే సరిపోదా?

సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు, దాని మీద పందెం కట్టొద్దు. డ్యూ డేట్ అంటే మనం డబ్బులు పెట్టే రోజు అనుకుంటాం, నిజానికి అది వాళ్ళు తీసుకెళ్ళే రోజు. ఫైనాన్స్ వాళ్ళు ఒకటి రెండు రోజుల ముందే ఫైల్ తయారు చేసి వాళ్ళ బ్యాంకుకి ఇస్తారు. అది ఎన్‌పీసీఐ ద్వారా 5వ తారీఖు పొద్దున్నే మీ బ్యాంకుకి చేరుతుంది, మీ బ్యాంకు సిస్టం వరసపెట్టి లక్షల అకౌంట్లలో బ్యాలెన్స్ చూసుకుంటూ పోతుంది. మీ వంతు తెల్లారుజామున రావచ్చు, పదకొండింటికి రావచ్చు. ఆ క్షణంలో బ్యాలెన్స్ ఉందా లేదా, అంతే చూస్తుంది. కొన్ని బ్యాంకులు సాయంత్రం ఇంకోసారి చూస్తాయి, కొన్ని ఒక్కసారితో సరి. మీరు తొమ్మిదిన్నరకి టీ తాగి ఫోన్ తీసి డబ్బులు వేసేలోపే రిటర్న్ కొట్టేసి ఉండొచ్చు. అందుకే 4వ తారీఖు రాత్రికల్లా డబ్బులు అకౌంట్లో పడుకుని ఉండాలి.

ఆదివారం, పండగ రోజు కూడా కట్ అవుతుందా?

అవుతుంది. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. అంతకుముందు బ్యాంకు సెలవైతే మర్నాటికి పోయేది, ఆ అలవాటు మీద ఇంకా చాలామంది "ఆదివారం కదా సోమవారం చూద్దాం" అనుకుంటున్నారు. కొందరు ఫైనాన్స్ వాళ్ళు ఇప్పటికీ సెలవు రోజు ఫైల్ పంపకపోవచ్చు, కానీ అది వాళ్ళ ఇష్టం. సంక్రాంతి నెలలో ఊరెళ్ళి అకౌంట్ ఖాళీ చేసుకుని వచ్చినవాళ్ళు దీనికి బాగా దొరికిపోతారు.

డబ్బులు ఎలా వేస్తే ఎంతసేపట్లో పడతాయి?

యూపీఐ, ఐఎంపీఎస్ అయితే వెంటనే. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి 24 గంటలూ ఉంది, అరగంటకో బ్యాచ్, బ్యాచ్ అయ్యాక రెండు గంటల్లోపు పడాలి. ఆర్టీజీఎస్ 2 లక్షలు, ఆ పైన మొత్తాలకి, అది కూడా 2020 డిసెంబరు నుంచి 24 గంటలూ నడుస్తుంది. క్యాష్ డిపాజిట్ మెషిన్‌లో వేస్తే మామూలుగా అప్పుడే చూపిస్తుంది, నోటు ఇరుక్కుంటే మాత్రం ఆ రోజు మీది కాదు. చెక్కు 2025 అక్టోబరు 4 నుంచి చాలావరకు ఇచ్చిన రోజే పాసవుతోంది, అయినా ఈఎంఐ కోసం చెక్కు మీద ఆధారపడకండి, అవతలి వాళ్ళ అకౌంట్లో డబ్బులు లేకపోతే ఆ చెక్కూ, మీ ఈఎంఐ రెండూ బౌన్స్ అవుతాయి.

112 రూపాయలు తక్కువైంది అంతే, ఉన్నంత తీసుకోవచ్చు కదా?

తీసుకోదు. నాచ్‌లో మొత్తం ఉంటే మొత్తం, లేకపోతే సున్నా. మా బామ్మర్ది సంగతే చెప్తా. బైక్ ఈఎంఐ 4,150, అకౌంట్లో 4,038 ఉన్నాయి. అంతకుముందు రోజే ఎవరికో 200 ఫోన్‌లో కొట్టాడట. పొద్దున బౌన్స్, బ్యాంకు 295 రాసుకుంది. ఫైనాన్స్ వాళ్ళు పదో తారీఖు మళ్ళీ ఫైల్ పెట్టారు, వీడికి చెప్పలేదు, వీడు చూసుకోలేదు, ఇంకో 295. ఫైనాన్స్ వాళ్ళ బౌన్స్ చార్జీ 590. మొత్తం 1,180 రూపాయలు, 112 తక్కువైనందుకు. పాస్‌బుక్ ప్రింట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి "బావా, ఇందులో నా తప్పెంత" అన్నాడు. 112 రూపాయలంత అని చెప్పా, వారం మాట్లాడలేదు.

మినిమం బ్యాలెన్స్ ఉంచాలి కదా, దాన్ని వదిలేసి కట్ చేస్తారా?

లేదు, మామూలుగా ఈఎంఐ ఆ మినిమంని కూడా తినేస్తుంది. మినిమం బ్యాలెన్స్ తగ్గితే చార్జీ వేసే అకౌంట్ అయితే అది విడిగా పడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మినిమం బ్యాలెన్స్ చార్జీల వల్ల సేవింగ్స్ అకౌంట్ మైనస్‌లోకి పోకూడదని ఆర్‌బీఐ రూల్ ఉంది.

కట్ చేసే ముందు మనకి మెసేజ్ పంపాలని రూల్ లేదా?

కార్డు మీద, యూపీఐ ఆటోపే మీద ఉంది. కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, అందులో వద్దనుకుంటే ఆపుకునే దారి కూడా ఉండాలి. 15,000 లోపు అయితే ఓటీపీ అడక్కుండా పోతుంది, ఇన్సూరెన్స్ ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లుకి ఆ పరిమితి లక్ష. బ్యాంకు అకౌంట్ నాచ్‌కి మాత్రం ఈ 24 గంటల రూల్ వర్తించదు. ఫైనాన్స్ వాళ్ళు మూడు రోజుల ముందు నుంచి మెసేజ్‌లు పంపుతూనే ఉంటారు కానీ అది వాళ్ళ అవసరం కోసం. ఫోన్‌లో 3న ఒక అలారం పెట్టుకోండి, దానికి మించింది లేదు.

యూపీఐ ఆటోపే ఏ టైంలో కట్ అవుతుంది? ఎన్నిసార్లు ట్రై చేస్తుంది?

2025 ఆగస్టు 1 నుంచి రద్దీ లేని టైంలోనే చేయాలని ఎన్‌పీసీఐ చెప్పింది. అంటే పొద్దున 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తర్వాత. మొదటిసారి ఫెయిలైతే ఇంకో మూడుసార్ల దాకా ట్రై చేయొచ్చు. ఓటీటీ లాంటివి అయితే ఫెయిలైతే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుంది, అంతకంటే పెద్ద నష్టం లేదు.

## బౌన్స్ అయ్యాక

ఒక్క బౌన్స్‌కి రెండు చోట్ల చార్జీ ఎందుకు?

ఎందుకంటే చార్జీ వేసేది ఇద్దరు. మీ అకౌంట్ ఉన్న బ్యాంకు ఒకటి, "డబ్బుల్లేక రిటర్న్ చేశాం" అని. లోన్ ఇచ్చిన కంపెనీ ఇంకోటి, "మా ఈఎంఐ రాలేదు" అని. బ్యాంకు చార్జీ చాలాచోట్ల 250 నుంచి 500 రూపాయల మధ్య, పైన 18 శాతం జీఎస్టీ. అందుకే అందరూ చెప్పే ఆ 295 వస్తుంది, 250 మీద 45. 500 అయితే 590. లోన్ కంపెనీది వాళ్ళ అగ్రిమెంట్‌లో రాసుంటుంది, 400, 500, కొందరిది ఇంకా ఎక్కువ. ఈ రెండూ విడివిడి గొడవలు. బ్యాంకు చార్జీ గురించి ఫైనాన్స్ వాళ్ళని అడిగితే బ్యాంకుకి వెళ్ళమంటారు, వాళ్ళ చార్జీ గురించి బ్యాంకులో అడిగితే ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్ళమంటారు, ఆ పూట ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు.

ఇవాళ పొద్దున బౌన్స్ మెసేజ్ వచ్చింది, ఇప్పుడు ఏం చేయాలి?

ఇవాళ రాత్రిలోపు కట్టేయండి. బాకీ పడిందా లేదా అనేది డ్యూ డేట్ రోజు రాత్రి కంపెనీ లెక్క మూసేటప్పుడు తేలుతుంది, ఆలోపు డబ్బులు చేరితే బౌన్స్ చార్జీ పడుతుంది కానీ లోన్ బాకీలోకి పోదు. కంపెనీ సొంత యాప్‌లో గానీ, వాళ్ళ వెబ్‌సైట్‌లో లోన్ నంబర్ కొట్టి గానీ కట్టండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు, "సార్ నా నంబర్‌కి కొట్టండి నేను కట్టేస్తా" అనే కలెక్షన్ కుర్రాడు, ఈ రెండూ వద్దు. కట్టాక స్క్రీన్‌షాట్ తీసి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మళ్ళీ ఫైల్ పెట్టొద్దు, కట్టేశా" అని చెప్పి కంప్లైంట్ నంబర్ తీసుకోండి. ఈ ఒక్క ఫోన్ చేయక రెండో 295 కట్టుకున్న వాళ్ళు చాలామంది.

నేను 4న యాప్‌లో కట్టేశా, 5న మళ్ళీ నాచ్‌లో కూడా పోయింది! రెండుసార్లు తీసుకున్నారు!

వాళ్ళ ఫైల్ 3నో 4నో బయల్దేరిపోయి ఉంటుంది, దారిలో ఉన్నదాన్ని ఆపలేరు. అదనంగా పోయింది పోదు, వెనక్కి ఇవ్వాలి, లేదా మీరు ఒప్పుకుంటే వచ్చే నెలకి జమ చేస్తారు. అడగకపోతే కొందరు వాళ్ళంతట వాళ్ళే వచ్చే నెలకి వేసేస్తారు. వెనక్కి కావాలంటే మెయిల్ రాయండి, రెండు చెల్లింపుల స్టేట్‌మెంట్ జత చేయండి, సాధారణంగా వారం పది రోజులు. ఇక ముందు, డ్యూ డేట్‌కి దగ్గర్లో విడిగా కట్టకుండా డబ్బులు అకౌంట్లోనే ఉంచడం నయం.

డబ్బులు అకౌంట్లో ఉన్నాయి, అయినా బౌన్స్ అయింది. ఎలా?

దీనికి చాలా కారణాలు ఉంటాయి, ముందు రిటర్న్ కారణం అడిగి తెలుసుకోండి, ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఆ కారణం రాసి ఉంటుంది. నేను చూసినవి: కేవైసీ అప్‌డేట్ చేయలేదని అకౌంట్ ఆపేశారు. రెండేళ్ళుగా మనంతట మనం లావాదేవీ ఏం చేయక అకౌంట్ నిద్రపోయింది. ఎక్కడినుంచో వచ్చిన అనుమానం డబ్బు వల్ల సైబర్ పోలీసులు హోల్డ్ పెట్టించారు. ఫ్లోటింగ్ వడ్డీ పెరిగి ఈఎంఐ మాండేట్ పరిమితి దాటింది. మాండేట్ ముగిసే తారీఖు అయిపోయింది.

మా నాన్న పెన్షన్ అకౌంట్‌కి మొదటిది జరిగింది. అకౌంట్లో 30 వేల పైనే ఉన్నాయి, ఇన్సూరెన్స్ ప్రీమియం బౌన్స్. బ్యాంకుకి వెళ్తే "ఆధార్ జిరాక్స్ ఇవ్వమని మెసేజ్ పంపాం కదా" అన్నారు, ఆ మెసేజ్ వెళ్ళింది ఆయన ఎప్పుడో మానేసిన పాత నంబర్‌కి. అక్కడే కేవైసీ ఇచ్చి, డబ్బులు ఉండగా రిటర్న్ అయింది కాబట్టి చార్జీ తీసేయమని కాగితం మీద రాసిచ్చాం, రెండు వారాలకి వెనక్కి వేశారు. అడిగాం కాబట్టి వేశారు.

మా గ్రామీణ బ్యాంకు పేరు మారింది, పాత మాండేట్ పనిచేస్తుందా?

తెలంగాణలో ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసాయి. ఆంధ్రాలో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అంతకుముందు 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు కూడా ఇదే ప్రశ్న. విలీనం అయినంత మాత్రాన మాండేట్ చచ్చిపోదు, కానీ ఐఎఫ్ఎస్‌సీ కోడ్, ఒక్కోసారి అకౌంట్ నంబర్ మారతాయి. కొత్త పాస్‌బుక్ తీసుకుని, ఆ వివరాలు ఫైనాన్స్ వాళ్ళకి, ఇన్సూరెన్స్ వాళ్ళకి మీరే పంపి "పాత మాండేట్ నడుస్తుందా, కొత్తది పెట్టాలా" అని రాతపూర్వకంగా అడగండి.

చార్జీ రెండు నెలల క్రితంది, ఇప్పుడు ఎందుకు కట్ అయింది?

బౌన్స్ అయిన రోజు అకౌంట్లో డబ్బులు లేవు కదా, చార్జీకి కూడా ఉండవు. బ్యాంకు దాన్ని పెండింగ్‌లో రాసుకుని, ఎప్పుడు డబ్బులు పడితే అప్పుడు లాక్కుంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి. ఈఎంఐ 6,000 అనుకోండి. పోయిన నెల బౌన్స్ అయ్యి 295 పెండింగ్‌లో ఉంది. ఈ నెల మీరు బుద్ధిగా 4వ తారీఖు రాత్రి సరిగ్గా 6,000 వేశారు. వేసిన వెంటనే 295 పోయింది, మిగిలింది 5,705. పొద్దున నాచ్ వచ్చింది, 6,000 లేవు, మళ్ళీ బౌన్స్, మళ్ళీ 295. మీ దృష్టిలో మీరు పూర్తిగా వేశారు, బ్యాంకు దృష్టిలో మీరు ఎప్పుడూ తక్కువే. ఇలా నాలుగు నెలలు తిరిగి బండి తీసుకెళ్తాం అనే ఫోన్ దాకా వచ్చిన ఒక కూరగాయల వ్యాపారి నాకు తెలుసు, పాపం ఒక్క నెల కూడా ఈఎంఐ డబ్బులు ఎగ్గొట్టలేదు. బౌన్స్ అయిన తర్వాతి నెల ఈఎంఐ మీద ఒక 1,000 ఎక్కువ వేయండి, లేదా ముందే బ్యాంకులో అడిగి పెండింగ్ చార్జీలు ఎంతున్నాయో తెలుసుకోండి.

బౌన్స్ చార్జీ కాకుండా పీనల్ చార్జీ అని ఇంకోటి వేశారు, కరెక్టేనా?

వేయొచ్చు, కానీ దానికి హద్దులు ఉన్నాయి. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం లేటు కట్టినందుకు "పీనల్ వడ్డీ" అని వడ్డీ రేటు మీద ఎక్కించకూడదు, చార్జీగానే తీసుకోవాలి, ఆ చార్జీని అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు. కొత్త లోన్లకి 2024 ఏప్రిల్ 1 నుంచి, పాత లోన్లకి 2024 జూన్ 30లోపు ఇది అమలైంది. కట్టని ఈఎంఐ మీద మామూలు వడ్డీ మాత్రం నడుస్తుంది. ఈ పీనల్ చార్జీ మీద జీఎస్టీ కట్టక్కర్లేదని 2025 జనవరిలో కేంద్రం స్పష్టం చేసింది కూడా, కాబట్టి మీ స్టేట్‌మెంట్‌లో పీనల్ చార్జీ పక్కన జీఎస్టీ గీత కనిపిస్తే అడగండి. క్రెడిట్ కార్డులకి ఈ 2023 ఆదేశం వర్తించదు.

క్రెడిట్ కార్డు బిల్లు ఆటో డెబిట్ ఫెయిలైంది, ఆ రోజే లేట్ ఫీ పడుతుందా?

వెంటనే పడకూడదు. డ్యూ డేట్ దాటి మూడు రోజులు మించితేనే లేట్ ఫీ వేయాలి, సిబిల్‌కి, అంటే మన అప్పుల చరిత్ర రాసి స్కోర్ ఇచ్చే కంపెనీకి, బాకీ అని పంపాలి. ఆ మూడు రోజుల్లో కట్టేస్తే లేట్ ఫీ తప్పుతుంది. నాలుగో రోజుకి పోతే మాత్రం లెక్క డ్యూ డేట్ నుంచే మొదలవుతుంది. వేరే బ్యాంకు అకౌంట్ నుంచి నాచ్ పెట్టుకుని ఉంటే ఆ బ్యాంకు రిటర్న్ చార్జీ దారి దానిదే.

ఒక్క బౌన్స్‌కి సిబిల్ స్కోర్ పడిపోతుందా?

బౌన్స్‌ని బట్టి కాదు, ఎన్ని రోజులు బాకీ ఉన్నారు అన్నదాన్ని బట్టి. లోన్ కంపెనీలు 2025 జనవరి 1 నుంచి నెలకి కనీసం రెండుసార్లు బాకీల లెక్క పంపుతున్నాయి. 5న బౌన్స్ అయ్యి 6న కట్టేస్తే లెక్క వెళ్ళే నాటికి మీ బాకీ సున్నా, మామూలుగా ఇబ్బంది రాదు. లెక్క వెళ్ళే రోజు దాకా నాన్చితే రిపోర్టులో రోజుల సంఖ్యతో సహా పడుతుంది. బాకీ 30 రోజుల్లోపు ఉంటే ఒక మెట్టు, 60 దాకా ఇంకో మెట్టు, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఎన్‌పీఏ అయ్యాక ఒక ఈఎంఐ కట్టి బయటపడలేరు, మొత్తం పాత బాకీ తీరిస్తేనే మామూలు లోన్ అవుతుంది.

కేసు పెడతాం, జైలుకి పోతావ్ అని ఫోన్లు చేస్తున్నారు. నిజంగా ఉందా?

చట్టం ఉంది. చెక్కు బౌన్స్‌కి సెక్షన్ 138 ఉన్నట్టే, ఎలక్ట్రానిక్ డెబిట్ డబ్బుల్లేక ఫెయిలైతే 2007 చెల్లింపుల చట్టంలో సెక్షన్ 25 ఉంది. రెండేళ్ళ దాకా జైలు, లేదా మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఫోన్‌లో అరిచినంత తేలిగ్గా అది జరగదు. బ్యాంకు నుంచి రిటర్న్ సంగతి తెలిసిన 30 రోజుల్లో వాళ్ళు మీకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అది మీకు అందాక 15 రోజుల టైం ఉంటుంది, ఆ 15 రోజుల్లో కట్టేస్తే కేసు లేదు. కాబట్టి నోటీసు కవరు వస్తే తీసుకోకుండా తిప్పి పంపొద్దు, చదవండి. రికవరీ వాళ్ళు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ అత్తగారికి, పక్కింటివాళ్ళకి చేసి పరువు తీయడం కూడా కుదరదు. టైంతో సహా కాల్ రికార్డులు ఉంచుకోండి.

సిప్ డబ్బులు కట్ అవ్వలేదు, మ్యూచువల్ ఫండ్ వాళ్ళు ఫైన్ వేస్తారా?

వాళ్ళు వెయ్యరు, ఆ నెల యూనిట్లు రావు అంతే. మీ బ్యాంకు మాత్రం నాచ్ రిటర్న్ చార్జీ వేస్తుంది. 500 రూపాయల సిప్‌కి 295 చార్జీ అంటే ఆలోచించండి. నెల నెలా సిప్ వరసగా మూడుసార్లు ఫెయిలైతే రద్దవుతుంది.

ఎల్ఐసీ ప్రీమియం బౌన్స్ అయింది, పాలసీ పోయినట్టేనా?

పోదు. నెలవారీ కట్టే పాలసీకి 15 రోజులు, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి కట్టేవాటికి 30 రోజులు గడువు ఉంటుంది. ఆలోపు ఆన్‌లైన్‌లోనో బ్రాంచిలోనో కట్టేయండి.

## చార్జీ వెనక్కి అడగాలంటే

అడిగితే చార్జీ తీసేస్తారా?

మొదటిసారి అయితే, మర్యాదగా అడిగితే, చాలాచోట్ల ఏదో ఒక వైపు తగ్గిస్తారు. కౌంటర్‌లో నోటితో అడిగితే "సిస్టం కట్ చేసింది సార్" అంటారు, సిస్టం మీద కోపం చూపించి లాభం లేదు. ఒక తెల్ల కాగితం మీద అకౌంట్ నంబర్, తారీఖు, మొత్తం, కారణం నాలుగు లైన్లు రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ముద్ర ఉన్న కాగితానికి ఉన్న విలువ వేరు. మీ తప్పు లేకుండా బౌన్స్ అయితే తగ్గించమని అడగొద్దు, మొత్తం వెనక్కి ఇమ్మని అడగండి.

లోన్ తీసుకున్నప్పుడు ఈ చార్జీ గురించి చెప్పనే లేదు, ఏం చేయాలి?

మీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ ఇది ఇవ్వడం తప్పనిసరి, వడ్డీ, ఫీజులు, లేటైతే పడేవి అన్నీ అందులో ఉండాలి. అందులో లేని చార్జీ మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా తర్వాత వేయకూడదు. ఇంకో సంగతి, అది అప్పు తీసుకునేవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మీకుంది, అడిగినవాళ్ళని మాత్రం నేను ఇద్దరినే చూశా.

బ్యాంకు ఆలస్యం వల్ల బౌన్స్ అయితే పరిహారం ఉందా?

కొన్నిటికి ఉంది. యూపీఐలో మీ అకౌంట్లోంచి పోయి అవతల అకౌంట్‌కి చేరని డబ్బు మర్నాటికల్లా తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు బ్యాంకు ఇవ్వాలి. నాచ్‌లో మీరు మాండేట్ రద్దు చేయమని బ్యాంకుకి ఇచ్చాక కూడా కట్ చేస్తే ఆ డబ్బు వెనక్కి వేసే బాధ్యత మీ బ్యాంకుదే, మర్నాడు దాటితే అక్కడ కూడా రోజుకి 100. ఇది 2019 సెప్టెంబరు నాటి ఆర్‌బీఐ ఆదేశం. సిబిల్‌లో తప్పు పడి, కంప్లైంట్ ఇచ్చిన 30 రోజుల్లో సరిచేయకపోయినా రోజుకి 100 రూపాయల పరిహారం ఉంది.

బ్యాంకు పట్టించుకోవట్లేదు, ఎక్కడికి పోవాలి?

ముందు బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో రాతపూర్వక కంప్లైంట్, 30 రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద కంప్లైంట్లు తీర్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు, ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. టోల్ ఫ్రీ నంబర్ 14448. ముందు బ్యాంకుకి ఇవ్వకుండా నేరుగా వెళ్తే తిప్పి పంపుతారు.

## ఆపేయాలంటే

లోన్ మీద కోపం వచ్చింది, మాండేట్ క్యాన్సిల్ చేసేస్తే?

మాండేట్ పోతుంది, అప్పు పోదు. మీ బ్యాంకులో యూఎంఆర్‌ఎన్ రాసిచ్చి రద్దు చేయించుకోవచ్చు, అది మీ హక్కే. కానీ అగ్రిమెంట్ ప్రకారం వేరే దారిలో ఈఎంఐ కట్టాలి, లేదంటే ఎగవేతే. అకౌంట్ మార్చుకుంటున్నట్టయితే కొత్త మాండేట్ రిజిస్టర్ అయ్యి ఒక ఈఎంఐ దాని నుంచి పోయాకే పాతది తీసేయండి, అప్పటిదాకా రెండు అకౌంట్లలోనూ డబ్బులుంచండి.

ఇద్దరం దుబాయ్‌లో ఉంటున్నాం, ఇంటి లోన్ ఎన్ఆర్ఈ అకౌంట్ (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడ తెరిచే అకౌంట్) నుంచి పోతుంది. ఎప్పుడు పంపాలి?

కనీసం ఐదు రోజుల ముందు. అక్కడి ఎక్స్ఛేంజ్ నుంచి పంపింది ఒక్కోసారి అదే రోజు పడుతుంది, బ్యాంకు వైర్ అయితే రెండు మూడు పనిదినాలు. ఇక్కడ బ్యాంకు సెలవుల్లో విదేశీ డబ్బు ఆగుతుంది కానీ నాచ్ ఆగదు. రెండు ఈఎంఐలకి సరిపడా ఎప్పుడూ అకౌంట్లో వదిలేసుకునే వాళ్ళకి ఈ టెన్షన్ ఉండదు.

లోన్ అయిపోయింది, మాండేట్ దానంతట అదే పోతుందా?

పోవాలి, కానీ చూసుకోండి. చివరి ఈఎంఐ అయ్యాక ఎన్ఓసీ, అంటే బాకీ ఏం లేదని ఇచ్చే కాగితం, తీసుకోండి, నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ లిస్టు తెరిచి ఇంకా యాక్టివ్ అని ఉంటే రద్దు చేయించండి. బండి లోన్ అయితే ఎన్ఓసీతో పాటు ఫారం 35 కూడా అడిగి తీసుకుని ఆర్‌టీఏలో ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు తీయించుకోండి. మా బామ్మర్ది ఇంకా తీయించలేదు, బండి అమ్ముదామని బేరం కుదిరాక ఆర్‌సీ తీసి చూసుకుని ఇప్పుడు తిరుగుతున్నాడు.